పసిగట్టే పిల్ల

అగ్గిపుల్లలు వంటింటి గచ్చు నిండా చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. ఏరడానికి ఎవరూ వంగలేదు.

కిటికీలు బార్లా తెరిచేశారు. వీధి తలుపు, పెరటి తలుపు కూడా. పొద్దున్నే ఇల్లంతా అలా నోరు తెరుచుకుని ఉండటం చూసి పక్కింటావిడ గోడ మీంచి ఓసారి తొంగి చూసి, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

పసి గోడకి చేరబడి నిలుచుంది. కుడి మణికట్టు కందిపోయింది. భర్త కొట్టిన దెబ్బకి ఆమె చేతిలో అగ్గిపెట్టె ఎగిరి అవతల పడింది. పెళ్ళయినప్పటి నుంచి అతను ఆమె మీద చెయ్యెత్తి ఎరగడు. ఇదీ చెయ్యెత్తడం కాదని, ప్రాణం కాపాడటమని ఇద్దరికీ తెలుసు. అయినా ఆ మణికట్టు వైపు చూడటానికి ఇద్దరికీ మనసొప్పలేదు.

"వీధి గుమ్మంలోకే గుప్పుమంది," అన్నాడు చివరికి. వ్యాన్ తాళాలు ఇంకా అతని గుప్పిట్లోనే ఉన్నాయి. "కొట్లకి రొట్టెలు వేసి వచ్చి వ్యాన్ దిగుతున్నానో లేదో, గ్యాస్! నువ్వేమో సరిగ్గా పొయ్యి ముందు నిలబడి అగ్గిపుల్ల తీస్తున్నావు."

"పాలు పొంగి మంట ఆరినట్టుంది. నేను ముందు గదిలో బేరం చూస్తున్నాను. వచ్చి చూస్తే మంట లేదు. అత్తయ్య కట్టేశారేమో అనుకున్నాను."

"అనుకోవడం ఏమిటి? ఆ కంపు చచ్చినవాణ్ణి కూడా లేపుతుంది!"

అనేశాక నాలిక కరుచుకున్నాడు.

"నన్ను లేపలేదు," అంది పసి.

చలికాలంలో వచ్చిన జ్వరం నాలుగు రోజులు ఉండి పోయింది. పోతూ పోతూ ఆమెకున్న వాసనలన్నీ మూటగట్టుకుని పోయింది. ఎండలు ముదిరినా తిరిగి ఇవ్వలేదు. సబ్బూ, టీ, ఉతికిన దుప్పటీ, వేడి రొట్టే అన్నీ ఆమెకి ఒకటే. అన్నీ ఒట్టి గాలి.

భర్త తాళాలు బల్ల మీద పడేశాడు. "రేపటి నుంచి నువ్వు రొట్టెలు కాల్చే బట్టీ గదిలోకి రావద్దు. అక్కడ మంట దీనికి పదింతలు. ఎవరినైనా పనిలో పెడతాను. లేకపోతే మూసేస్తాను."

"అది మా నాన్న బట్టీ."

"నేను కాదన్నానా? మీ నాన్నే ఉంటే ఇవాళ నిన్ను అందులోకి రానిచ్చేవాడా?"

పసి కళ్ళు దించుకుంది. పెరట్లోంచి వచ్చిన అత్తయ్య ఇద్దరినీ ఓసారి చూసి, మెల్లిగా నేల మీద చతికిలబడి పుల్లలు ఏరడం మొదలుపెట్టింది.

"కానివ్వండి, కానివ్వండి. నాకు సగమే వినపడుతుందిగా," అంది.

అత్తయ్యకి ఎడమ చెవి వినపడదు. అలవాటు కొద్దీ అందరూ ఆవిడ కుడి పక్కనే కూర్చుంటారు. నచ్చని మాట వచ్చిందంటే ఆవిడే తల తిప్పేసి ఎడమ చెవి అప్పగిస్తుంది. ఇప్పుడు కొడుక్కి ఆ చెవే అప్పగించింది. అతను విసురుగా బయటికి నడిచాడు.

పసి అన్నది ఆమె అసలు పేరు కాదు. చిన్నప్పుడు ఆమె పెరట్లో ఆడుకుంటూ ఉన్నట్టుండి తలెత్తి, "నాన్నా, వాన వస్తోంది," అనేది. ఆకాశంలో మబ్బు తునక ఉండేది కాదు. పనివాళ్ళు నవ్వేవాళ్ళు. కాసేపటికి చినుకులు పడితే ముక్కున వేలేసుకునేవాళ్ళు. "నవ్వకండిరా. ఇది పసిగట్టే పిల్ల," అని నాన్న గొప్పలు పోయేవాడు. పసిగట్టే పిల్ల కాస్తా వాడగా వాడగా పసి అయి కూర్చుంది. తలలో తెల్లవెంట్రుకలు తొంగిచూస్తున్నా ఆమె ఇప్పటికీ పసే.

నాన్నకి ఆ ముక్కు అంటే అంత గురి. తెల్లవారుతూ ఉండగానే నిద్దట్లో ఉన్నదాన్ని భుజాన వేసుకుని బట్టీ గదిలోకి తెచ్చేవాడు. చెక్క తొట్టి మీద కప్పిన గుడ్డ తీసి, "పిండి ఏమంటోందే ఇవాళ?" అనేవాడు.

"ఇంకాసేపు పడుకుంటానంటోంది."

"అంటోంది పిండా, నువ్వా?"

ఆ నవ్వుకి ఆయన భుజం కదిలేది. భుజంతో పాటు ఆమె కూడా ఊగేది. తొట్టిలోంచి పులిసిన పిండి వాసన, బట్టీలోంచి కట్టెల పొగ, నాన్న మెడ దగ్గర చెమట. ప్రపంచం అంటే అదే అనుకునేది పసి.

బట్టీ తలుపు తీసేముందు ఆయన గోడ వైపు తిరిగి కాసేపు కళ్ళు మూసుకునేవాడు. మోచేతుల దాకా పిండి. "చేతులు కడుక్కుని దణ్ణం పెట్టుకోవచ్చుగా నాన్నా?" అని అడిగింది ఒకసారి.

"నా చేతులు ఆయనకి తెలుసులేవే," అన్నాడు.

---

మధ్యాహ్నం కాకముందే అక్క వచ్చింది. అక్క రావడం మామూలు రావడంలా ఉండదు, దండు దిగినట్టు ఉంటుంది. చెప్పులు విప్పుతూనే మాట మొదలైపోతుంది.

"మరిదిగారు ఫోన్ చేసి చెప్పగానే నా గుండె గుభేలుమంది. ఇల్లు కాలిపోయేది! మనుషులు కాలిపోయేవాళ్ళు! డాక్టరు దగ్గరికి తిరిగి తిరిగి ఏం బావుకున్నావే?"

"నాలుగు సీసాలు ఇచ్చింది డాక్టరమ్మ. లవంగం, నిమ్మ, గులాబీ, నీలగిరి. పొద్దునా సాయంత్రం వాసన చూస్తూ ఉంటే నరాలు మళ్ళీ నేర్చుకుంటాయట."

"చూస్తున్నావా?"

టీ తెచ్చిన అత్తయ్యే జవాబు చెప్పింది. "కొన్నాళ్ళు చూసింది. ఇప్పుడు అటకెక్కించింది."

"మంచి పని చేసింది," అంది అక్క. "సీసాల్ని నమ్ముతావా, దేవుణ్ణి నమ్ముతావా? రెండు పడవల మీద కాళ్ళు పెడితే నడి ఏట్లో పడతావు."

"పెద్దమ్మాయ్, లవంగాన్ని ఏ డాక్టరు చేశాడమ్మా?" అంది అత్తయ్య.

అక్క ఆ మాట విననట్టే చెల్లెలి వైపు జరిగింది. "నిజం చెప్పు. నువ్వు అసలు ఆయన్ని అడిగావా? ఒక్కసారైనా?"

"లేదు."

"ఎందుకు?"

"సిగ్గేసింది."

"సిగ్గా!"

"కళ్ళు లేనివాళ్ళున్నారు. మంచం మీంచి లేవలేనివాళ్ళున్నారు. కన్నపిల్లల్ని పోగొట్టుకున్నవాళ్ళున్నారు. వాళ్ళందరి మధ్యా నేనూ వెళ్ళి నిలబడి, దేవుడా, నాకు ముక్కు పని చెయ్యట్లేదు అనాలా?"

"అది కాదే కారణం. నాకు తెలీదనుకోకు. నాన్న పోయాక నువ్వు దేవుడితో మాటలు మానేశావు."

"మానేశాను. అడిగాను గనక మానేశాను. ఆస్పత్రి వరండాలో గచ్చు మీద కూర్చుని అడిగాను. జన్మలో ఇంకేమీ అడగను, ఈ ఒక్కటీ ఇవ్వమన్నాను. ఇచ్చాడా?"

"నమ్మి అడిగితే ఇచ్చేవాడే."

"ఏమన్నావ్?"

"నీకు నమ్మకం చాల్లేదే పసీ. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే."

ముందు గదిలోంచి ఎవరో, "అమ్మా, రొట్టె ఉందా?" అని పిలిచారు. ఎవరూ పలకలేదు. ఆ మనిషి ఇంకోసారి పిలిచి, కాసేపు నిలబడి, వెళ్ళిపోయారు.

"అంటే, నాన్న నా మూలంగా పోయాడంటావు," అంది పసి.

"నేనలా అన్లేదు."

"మరెలా అన్నావు?"

ఎప్పుడూ తల తిప్పేసే అత్తయ్య ఈసారి తిప్పలేదు. కుడి చెవి ఇటే పెట్టుకుని ప్రతి మాటా విన్నది. విని, కప్పు చేతిలోకి తీసుకుంది.

"టీ చల్లారిపోయింది పెద్దమ్మాయ్. ఇంకోటి పెట్టమంటావా, బయల్దేరతావా?"

అక్క బయల్దేరింది. గుమ్మం దాటాక ఒకసారి ఆగింది. వెనక్కి చూడకుండానే చెప్పులు తొడుక్కుంది.

---

ఎండ వాలేవేళకి అత్తాకోడళ్ళు ఇద్దరూ రొట్టెలకి కాగితం సంచులు అంటిస్తూ కూర్చున్నారు. మైదా జిగురు వేళ్ళకి ఎండి పెచ్చులు కడుతోంది. మడత, జిగురు, మడత.

"అత్తయ్యా, అక్క అన్నది నిజమేనంటారా?"

"ఈ పక్కకి రా."

పసి లేచి ఆవిడ కుడి పక్కకి వచ్చి కూర్చుంది.

"నాకు ఈ చెవి పోయింది మీ ఆయన కడుపులో ఉన్నప్పుడు. చీము పట్టి, జ్వరం వచ్చి, నెమ్మదిగా మూతపడిపోయింది. దేవుణ్ణి అడగని రోజు లేదు. మీ అక్కలాంటావిడ మా వీధిలోనూ ఒకావిడ ఉండేది. ప్రతి వీధికీ ఒకరుంటారులే. నీ నమ్మకం చాల్లేదంది. సరే అని ఇంకా గట్టిగా నమ్మాను. పళ్ళు బిగించి నమ్మాను. తలనొప్పి వచ్చింది గానీ చెవి రాలేదు."

పసికి నవ్వొచ్చింది. ఆ రోజు మొత్తానికి అదే మొదటి నవ్వు.

"తర్వాత?"

"తర్వాత ఒళ్ళు మండింది. నువ్వేం చెప్పినా నేను వినను పో అని ఈ చెడ్డ చెవే ఆయన వైపు తిప్పి కూర్చున్నాను. కొన్నేళ్ళు."

"మళ్ళీ ఎలా కలిశారు?"

"ఎలా ఏముంది? కోపంగా ఉన్నానని చెప్పాలన్నా ఆయనకే చెప్పాలిగా. తిట్టుకుంటూ అంట్లు తోమేదాన్ని. తిట్టుకుంటూ పిల్లాణ్ణి నిద్రపుచ్చేదాన్ని. ఒకనాడు చూసుకుంటే తిట్లు అయిపోయాయి. మాటలు మిగిలాయి."

"చెవి మాత్రం రాలేదు."

"రాలేదు. ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాను."

"ఇప్పటికీనా!"

"ఎందుకడగను? పోయేలోపల వాడు ఎడమ పక్కనుంచి అమ్మా అంటే వినాలని నాకుండదూ?"

పసి చేతిలో కాగితం మడత తప్పింది. సరిచేసుకుంటూ, "ఎప్పటికీ ఇవ్వకపోతే?" అంది.

"ఇవ్వకపోవచ్చు. అడిగితే విసుక్కోడు. నాకు తెలిసిందల్లా అదే. మీ నాన్న సంగతీ, నీ ముక్కు సంగతీ నాకు తెలీదు. తెలిసినట్టు చెప్పానంటే నేనూ మీ అక్కనే."

---

మర్నాడు తెల్లవారుతుండగా అలవాటుగా మెలకువ వచ్చింది. పక్క ఖాళీగా ఉంది. బట్టీ గదిలో దీపం వెలుగుతోంది.

పసి గుమ్మం దగ్గర ఆగిపోయింది. భర్త తొట్టిలోకి సగం దాకా వంగి ఉన్నాడు. వ్యాన్ తోలమంటే కళ్ళు మూసుకుని తోలే మనిషి, పిండి ముందు బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు. ముక్కు చివర పిండి అంటుకుంది.

"పులిసిందో లేదో తెలిసి చావట్లేదు," అన్నాడు. "రా లోపలికి. నిన్నటి మాట నిన్నటితో పోయింది."

ఆమె కదల్లేదు. "వాసన ఎలా ఉందో చెప్పండి."

"పుల్లగా ఉంది."

"పులుపులన్నీ ఒకటి కావుగా. పెరుగు పులుపా, పండు పులుపా?"

అతను మళ్ళీ వంగాడు. ఈసారి కళ్ళు మూసుకున్నాడు. "పండే. బళ్ళో చదివేటప్పుడు జామపండు జేబులో పెట్టి మర్చిపోయేవాణ్ణి. మర్నాడు చొక్కా తీస్తే కొట్టేది చూడు, అలా."

"అయితే పులుపు దాటిపోతోంది. ఇందులో కొత్త పిండి ఇప్పుడే కలపాలి. ఆ నీళ్ళు వద్దు, చల్లటివి పొయ్యండి. ఉప్పేది?"

అడుగుతూనే లోపలికి వచ్చేసింది. వచ్చినట్టు ఇద్దరూ తర్వాత గమనించారు.

ఆమె పిండి మీద చేతులు వేసింది గానీ కలపలేదు. జామపండుని గుర్తు తెచ్చుకోవాలని చూస్తోంది. బడి గోడ గుర్తొచ్చింది. గోడ మీదికి వాలిన కొమ్మ గుర్తొచ్చింది. పండు మీద పాకే చీమ కూడా గుర్తొచ్చింది. వాసన మాత్రం రాలేదు.

"ఏమండీ, నాన్న భుజం మీద పడుకునేదాన్నని చెబుతుంటానే. ఆ వాసన ఇప్పుడు నాకు గుర్తు రావట్లేదు."

"పిండి, పొగ, చెమట అనేదానివిగా."

"మాటలు గుర్తున్నాయి. మాటలే ఉన్నాయి. ఆయన రెండోసారి పోయినట్టుంది నాకు."

అతను పిండి చేత్తోనే ఆమె మణికట్టు పట్టుకున్నాడు. కందిన చోట తెల్లగా అయిదు వేళ్ళ ముద్ర పడింది. "నిన్న..." అన్నాడు.

"తెలుసు," అంది పసి.

అతను వ్యాన్ సర్దడానికి బయటికి వెళ్ళాక ఆమె ఒక్కతే మిగిలింది. బట్టీ చిటపటలాడుతోంది. నాన్న నిలబడే గోడ అలాగే ఉంది. ఆయన తల ఆనించే చోట సున్నం అరిగిపోయి కాస్త నున్నబడింది. చిన్నప్పుడు ఆమెకి ఆ నునుపు అందేది కాదు. ఇప్పుడు సరిగ్గా నుదుటి ఎత్తుకి ఉంది.

మోచేతుల దాకా పిండి. కడుక్కోలేదు.

"నాకు ముక్కు కావాలి," అంది పైకే. గొంతు ఎవరో పరాయివాళ్ళదిలా వినిపించింది. "అడగడానికి సిగ్గుగానే ఉంది. అయినా కావాలి. నాన్నని ఇమ్మంటే ఇవ్వలేదు. ఆ కోపం పోలేదు, అది కూడా ఉంది. లేదని అబద్ధం చెప్పను. ఇస్తావని గట్టిగా నమ్మడం నా వల్ల కావట్లేదు. వింటావని మాత్రం నమ్ముతాను. ఇవాళ్టికి అంతే నా దగ్గరున్నది."

ఏమీ జరగలేదు. వాసన రాలేదు. కానీ చాలా రోజుల తర్వాత ఆమెకి అక్కణ్ణించి కదలబుద్ధి కాలేదు.

ఆ సాయంత్రం నిచ్చెన వేసుకుని అటక మీంచి సీసాలు దింపింది.

---

పొయ్యి వెలిగించడం అత్తయ్య పని అయింది. పిండి వాసన చెప్పడం భర్త పని. చెప్పిన దాన్ని బట్టి తేల్చడం పసి పని. అతను రోజుకో కొత్త పోలిక పట్టుకొచ్చేవాడు. "ఇవాళ తడి గొడుగు," అనేవాడు. "ఇవాళ మా మాస్టారి జేబురుమాలు," అనేవాడు. ఆమె నవ్వాపుకుంటూనే, "ఇంకా టైముంది," అని చెప్పేది.

పొద్దునా సాయంత్రం సీసాలు. లవంగం మూత తీస్తే గాలి. నిమ్మ తీస్తే గాలి. మొదట్లో ఒక్కో సీసాకీ దేవుడికి ఒక్కో ముక్క చెప్పుకునేది. రానురాను సీసాలు మూతపెట్టాక కూడా మాటలు సాగేవి. నాన్న జబ్బు సంగతి చెప్పింది. ఆస్పత్రి వరండా సంగతి చెప్పింది. ఒకరోజు ఏడ్చింది. ఇంకోరోజు గట్టిగా తగవుపడింది. తగవుపడిన మర్నాడు ఆ గోడ దగ్గరికి వెళ్ళడానికి మొహమాటపడింది గానీ వెళ్ళింది.

"నయం కాకపోతే?" అని అడిగాడు భర్త, వ్యాన్ కడుగుతూ.

"కావాలనే అడుగుతున్నాను. కాకపోతే మీ ముక్కు ఉందిగా," అంది.

ఆ మాట ఆమెకే కొత్తగా అనిపించింది. లోపల ఎప్పుడూ బిగించి ఉండే పిడికిలి ఏదో కొంచెం వదులైనట్టుంది. ఎప్పుడు వదులైందో తెలీదు.

తొలి వాన పడింది. పసిగట్టలేకపోయింది. చూరు కింద నిలబడి చూసింది, అంతే.

అక్క ఫోన్లు చేస్తూనే ఉంది. అత్తయ్య ఫోను ఎడమ చెవికి పెట్టుకుని, "ఏమీ వినపడట్లేదమ్మా," అని పెట్టేసేది. చివరికి ఒకనాడు పొద్దున్నే అక్క తనే వచ్చింది. ఈసారి దండులా దిగలేదు. ముందు గదిలో రొట్టె కొనడానికి వచ్చిన వాళ్ళ వెనకాల నిలబడింది. వాళ్ళంతా వెళ్ళాక బట్టీ గది గుమ్మం దాకా వచ్చి, "లోపలికి రానా?" అంది.

పసి అప్పుడే బట్టీ తలుపు తీసింది. తీసినది తీసినట్టే వెనక్కి పడబోయింది.

"ఏమిటది? ఏం కుళ్ళింది? ఎలక గానీ చచ్చిందా?"

"ఎక్కడే?" భర్త గాలి పీల్చి చూశాడు. "ఏమీ లేదు. కమ్మగా రొట్టె వాసన."

"కాదు! రబ్బరు కాలినట్టు... అబ్బ, మురుగు..." పసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పెరట్లోకి పరిగెత్తింది. వాంతి అయింది. గోడ పట్టుకుని రొప్పుతూ నిలబడింది. అప్పుడు తట్టింది.

"అత్తయ్యా! నాకు వాసన తగిలింది!"

అక్క ఒక్క ఉదుటున వచ్చి కౌగిలించుకుంది. "విన్నాడే! దేవుడు విన్నాడే పసీ!" రెండు కళ్ళ నుంచీ నీళ్ళు. పసి ఆమెని రెండు చేతులతో దూరంగా నెట్టింది. అక్క తలనూనె కూడా కుళ్ళిపోయిన వాసనే వేస్తోంది.

---

డాక్టరమ్మ అంతా విని తలూపింది.

"నరాలు తిరిగి మొలుస్తున్నాయి. ఇంకా సరిగ్గా అతుక్కోలేదు. అందుకని మంచి వాసనలే కంపుగా తెలుస్తాయి. వేగినవీ కాలినవీ మరీను. చాలామందికి నయం ఇలాగే మొదలవుతుంది."

"ఎన్నాళ్ళుంటుంది?" అంది పసి.

"చెప్పలేను. కొందరికి పూర్తిగా సర్దుకుంటుంది. కొందరికి కొంతవరకే. సీసాలు మానకండి."

ఇంటికి తిరిగివచ్చే దారంతా అక్క మాట్లాడలేదు. అది ఎవరూ ఎరగని సంగతి. ఇంటి మెట్ల మీద కూలబడ్డాక అంది. "ఇదేం ఇవ్వడమే? ఇస్తే శుభ్రంగా ఇవ్వాలి. ముక్కు ఇచ్చి నాన్న రొట్టెని కంపు చేస్తాడా? ఇలాంటి దేవుణ్ణా నేను నిన్ను నమ్మమన్నది?"

పసి ఆశ్చర్యంగా చూసింది. ఇలా అడగాల్సింది తనే.

"నాన్నప్పుడు నేనూ అడిగాను," అంది అక్క, నేల చూస్తూ. "నా నమ్మకమే చాల్లేదేమోనని ఇన్నేళ్ళూ... ఆ బరువు నా మీద ఉంచుకోలేక నీ మీద పడేశాను."

పసి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని మరీ జరిగి, అక్క పక్కన కూర్చుంది.

ఆ రాత్రి అక్క అక్కడే పడుకుంది.

తెల్లవారింది. "నువ్వు లోపలికి రాకు," అన్నాడు భర్త. ఈసారి గొంతులో కోపం లేదు. "నేను తంటాలు పడతాను. నీకెందుకు ఆ నరకం?"

రావద్దన్న రోజున ఆమె తగవుపడింది. ఇవాళ తనకే వెళ్ళాలని లేదు. పెరట్లో నిలబడింది. తలుపు సందులోంచి కంపు అలలు అలలుగా వస్తోంది. ఇన్నాళ్ళూ తను వెతుక్కున్న రొట్టె ఇదే. నాన్న రొట్టె. ఎప్పటికీ ఇలాగే ఉండిపోతే? భుజం వాసన దొరికిన నాడు అది కూడా ఇలాగే దొరికితే?

"ఇంకా ఇస్తూనే ఉన్నావు కదూ?" అంది మెల్లిగా. "అయిపోయింది అనకు. సగంలో ఉన్నావనే అనుకుంటాను. అనుకుని అక్కడే ఉంటాను."

లోపల్నుంచి భర్త కేక వేశాడు. "పసీ! రంగైతే వచ్చింది. తియ్యాలో ఉంచాలో తెలియట్లేదు!"

ఆమె తువ్వాలు ముక్కుకి బిగించి కట్టుకుని లోపలికి వెళ్ళింది. బట్టీ ముందు వంగింది. రంగు చూసింది. రంగుని నమ్మకూడదు, అది ముందే వచ్చేస్తుంది. కాసేపు ఆగి, తువ్వాలు విప్పేసింది.

"ఏం చేస్తున్నావే!" అంది గుమ్మంలో నిలబడ్డ అక్క.

కంపు మొహాన కొట్టింది. పసి బట్టీ పక్క గోడ పట్టుకుని నిలబడింది. పీల్చింది. మళ్ళీ పీల్చింది. ఆ కంపు ఒకేలా లేదు. కదులుతోంది. అడుగున ఎక్కడో సన్నగా ఏదో మారుతోంది.

భర్త పొడుగాటి కర్రపార బట్టీలోకి దూర్చబోయాడు.

"ఆగండి. ఇంకా కాలేదు."

"నీకెలా తెలుసు?"

ఎలా తెలుసో ఆమెకి తెలీదు. ముక్కు చెప్పిందో, ఇన్నేళ్ళ అలవాటు చెప్పిందో తేల్చుకోలేకపోయింది. అత్తయ్య కూడా వచ్చి అక్క పక్కన నిలబడింది. కట్టె ఒకటి విరిగి నిప్పులు రాలాయి.

"ఇప్పుడు తియ్యండి," అంది పసి.

అతను పార లోపలికి తోశాడు. మొదటి వరస రొట్టెలు వెలుతురులోకి వస్తున్నాయి. పసి కళ్ళు మూసుకుంది. ముక్కు మూసుకోలేదు.